ఇతర అభిప్రాయాలు

ఆఫీసులో అందరూ ఆమెను చేంతాడక్క అనేవారు. మనిషి పొడుగు కాదు, జడా పొడుగు కాదు. ఫోన్లో జనం చెప్పింది రాసుకునేటప్పుడు మాత్రం ఆమె రాత చేంతాడంత సాగేది. పన్నెండేళ్లుగా ఆమెది అదే పని. ఒక సర్వే కంపెనీలో, మూడో అంతస్తులో, అట్టలాంటి అడ్డుగోడల మధ్య కూర్చుని, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, ముక్కూమొహం తెలియని వాళ్లకి ఫోను చేసి ప్రశ్నలు అడగడం. సబ్బుల గురించి అడిగింది, బ్యాంకుల గురించి అడిగింది, ఆసుపత్రుల గురించి అడిగింది. జనం విసుక్కునేవారు, కసిరేవారు, కొందరు మాట మధ్యలోనే టక్కున పెట్టేసేవారు. అయినా ఆమెకి ఆ పని మీద మోజు తగ్గలేదు.

"ఒక్కొక్కళ్ల కడుపులో ఎంతుంటుందో తెలుసా? అడిగేవాళ్లు లేక ఊరుకుంటారు గానీ" అనేది చెల్లెలితో.

చెల్లెలు నర్సు. ఆసుపత్రిలో కూర్చునే నర్సు కాదు. మంచం దిగలేని రోగుల ఇళ్లకి తనే వెళ్లి, పుళ్లు కడిగి, కట్లు మార్చి, సూదిమందు ఇచ్చి వచ్చే నర్సు. ఊరి చివర కొండదారి పట్టుకుని రోజుకి తొంభై, వంద కిలోమీటర్లు తన డొక్కు కారులో తిరిగేది. అక్క భర్త పోయిన దగ్గర్నుంచి ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. పొద్దున్న ఒకళ్లు స్నానానికి వెళ్తే రెండోవాళ్లు తలుపు బాదడం, సాయంత్రం ఎవరి రోజు ఎలా గడిచిందో ఒకళ్ల మాట మీద ఒకళ్లు పడి చెప్పుకోవడం, అదీ ఆ ఇంటి కాలక్షేపం.

ఆ ఏడాది రవాణా శాఖవాళ్లకి ఒక ఆలోచన వచ్చింది. ఇన్నాళ్లూ రోడ్ల ఖర్చు పెట్రోలు, డీజిలు మీద వేసే పన్నులోంచి వచ్చేది. బ్యాటరీ బండ్లు పెరిగాయి. అవి పెట్రోలు తాగవు కాబట్టి పన్నూ కట్టవు. గుంతలు పెరుగుతున్నాయి, ఖజానా తరుగుతోంది. అందుకని పెట్రోలు పన్ను మెల్లగా ఎత్తేసి, ప్రతి బండిలోనూ ఒక చిన్న పెట్టె బిగించి, ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అంత రుసుము వసూలు చేద్దామన్నారు. చేంతాడక్కకి ఇందులో వంక పెట్టడానికేమీ కనబడలేదు. రోడ్డు వాడుకున్నవాళ్లు రోడ్డుకి ఇవ్వాలి, అంతే కదా. అయితే పథకం కాగితం మూడో పేజీలో ఒక ముక్క ఉంది. చిన్నకారుకైనా, నలభై టన్నుల రాళ్ల లారీకైనా కిలోమీటరుకి ఒకటే రేటు. దానికి 'సమాన రుసుము' అని ముద్దుపేరు కూడా పెట్టారు.

దీనిమీద జనం ఏమంటారో కనుక్కోమని రవాణా శాఖ చేంతాడక్క కంపెనీకి పని అప్పగించింది.

ప్రశ్నల కాగితం చేతికొచ్చిన రోజున పక్క సీటు అమ్మాయి దాన్ని చదివి పకపకా నవ్వింది. మొదటి ప్రశ్న: 'రోడ్లు బాగుండాలని మీరు కోరుకుంటున్నారా?' రెండోది: 'రోడ్డు వాడుకునే ప్రతి ఒక్కరూ దాని బాగోగులకు తమ వంతు ఇవ్వాలని మీరు భావిస్తున్నారా?' అలా మెట్టు మెట్టు ఎక్కించుకుంటూ వెళ్లి, ఏడో ప్రశ్న దగ్గర అసలు సంగతి: 'అయితే, తిరిగిన దూరాన్ని బట్టి అందరికీ ఒకే రేటుతో రుసుము ఉండటం మీకు సమ్మతమేనా?' దాని కింద సమ్మతం, కొంతవరకు సమ్మతం, సమ్మతం కాదు అని మూడు గళ్లు. అన్నింటికీ ఆఖర్న 'ఇతర అభిప్రాయాలు' అని ఒక పెద్ద ఖాళీ గడి.

"రోడ్లు బాగుండొద్దు అనేవాడు ఎవడుంటాడక్కా? మొదట్లోనే తల ఊపించేస్తే ఆ ఊపులో ఏడోదానికీ ఊపేస్తారు" అంది ఆ అమ్మాయి.

"ఊపితే ఊపనీ. కింద గడి ఉంది కదా, మనసులో మాట అక్కడ చెప్తారు" అంది చేంతాడక్క.

మొదటి రోజునే తెలిసిపోయింది, ఏడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి జనం ఆగుతున్నారు. బ్యాటరీ కారున్న బడి పంతులమ్మ ఒకావిడ, "ఇన్నాళ్లూ నేను పైసా కట్టలేదు, కట్టమంటే కడతాను, సిగ్గుగానే ఉంది. కానీ లారీవాడితో సమానంగా ఎలా కడతానండీ?" అంది. పూలు వేసుకుని వ్యానులో తిరిగే అతను, "కట్టొచ్చు మేడం, కానీ బరువు చూడాలి కదా" అన్నాడు. అందరి నోటా అవును తర్వాత కానీ వస్తోంది.

రెండో రోజు పొద్దున్న మేనేజరు అందర్నీ పిలిచాడు. ఆయన ఏ మాటకైనా సగటు లెక్క చెప్తాడు కాబట్టి వెనకాల ఆయన్ని సగటుసారు అనుకునేవారు. మంచి మనిషే. ఎవరికైనా జ్వరమొస్తే ఇంటికి పొమ్మనేవాడు, పుట్టినరోజులు గుర్తుపెట్టుకునేవాడు.

"'సమ్మతమే, కానీ' అన్నవాళ్లని 'కొంతవరకు సమ్మతం' గడిలో వెయ్యండి. కానీ తర్వాత ఏం చెప్తారో అది 'ఇతర అభిప్రాయాలు'లో రాయండి. రెండూ కలిపి చూసుకుంటారు" అన్నాడు.

చేంతాడక్కకి అది సబబుగానే తోచింది. సరేనంది.

ఆ మధ్యాహ్నమే ఆమెకి రోలరాయన తగిలాడు. ఫోను ఎత్తగానే, "సర్వేనా? రోడ్ల గురించా? కూర్చోనీ, కుర్చీ లాక్కుంటాను" అన్నాడు. గొంతు గరుగ్గా, కంకర మీద ఇనప చక్రం దొర్లినట్టు ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్లు రోడ్డు రోలరు నడిపి రిటైరయ్యాడట.

"ఈ ఊళ్లో నువ్వు నడిచే రోడ్లలో సగం నేను తొక్కించినవే తల్లీ. అందుకని నా మాట కొంచెం ఓపిగ్గా విను. చిన్నకారు వెయ్యిసార్లు వెళ్లినా రోడ్డుకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. నిండా రాళ్లేసుకున్న లారీ ఒక్కసారి వెళ్లిందనుకో, అడుగున పరిచిన కంకర కదిలిపోతుంది. పైకి ఏమీ కనబడదు. వానలు పడ్డాక చూడు, పెచ్చులు పెచ్చులుగా లేచిపోతుంది. అప్పుడు మళ్లీ మమ్మల్ని పిలుస్తారు. నా బతుకంతా లారీలు విరిచింది అతకడమే."

"అయితే రుసుము వద్దంటారా బాబాయిగారూ?"

"వద్దని ఎప్పుడన్నాను? పెట్టండి. బరువును బట్టి పెట్టండి. విరిచినవాడు ఎక్కువ ఇవ్వాలి, విరవనివాడు తక్కువ ఇవ్వాలి. ఇందులో పెద్ద చదువేముంది?"

"మూడింటిలో ఏదో ఒకటి చెప్పాలండీ. సమ్మతమా, కొంతవరకా, కాదా?"

"బరువును బట్టయితే సమ్మతం. అందరికీ ఒకటే రేటయితే కాదు. ఇదిగో, ఇదే ముక్క రాసుకో."

"రాస్తున్నానండీ. ఒక్క అక్షరం పోనివ్వను."

"పోనివ్వవు కదా?"

"పోనివ్వను బాబాయిగారూ, మాటిస్తున్నాను."

గడిలో నాలుగు వందల అక్షరాలే పడతాయి. ఆమె కంకర గురించీ పెచ్చుల గురించీ పొట్టి పొట్టి మాటల్లో కుదించి, ఆఖరి వాక్యాన్ని మాత్రం ఆయన అన్నది అన్నట్టే టైపు చేసింది. తర్వాత పైకి వెళ్లి 'కొంతవరకు సమ్మతం' మీద నొక్కింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చెల్లెలు చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడి ఉంది. రవాణా శాఖ పథకం సంగతి నర్సులందరికీ ఆ రోజే తెలిసిందట.

"నేను కొండెక్కి దిగేది షికారుకా అక్కా? నాకిచ్చే ప్రయాణ భత్యం నాలుగేళ్లుగా కదల్లేదు. ఇప్పుడు కిలోమీటరుకి ఇంతని వేస్తే ఎవరింటికి వెళ్లడం మానమంటారు? కాలు పుండుపడ్డ ముసలాయనింటికా, బాలింతరాలింటికా? నా కారు ముందు రోజూ రాళ్ల క్వారీ లారీలు వరసగా పోతుంటాయి. వాళ్లూ నేనూ సమానమట! సమానమంటే ఏమిటో వాళ్లకి ఎవరు నేర్పారో గానీ."

"అందరూ అదే చెప్తున్నారే. రాసి పంపిస్తున్నాం కదా, మారుస్తారు."

"మార్చే ఉద్దేశం ఉన్నవాడు ముందు ఖాయం చేసి తర్వాత అడుగుతాడా?"

"నువ్వు అన్నింటికీ వంకరగానే ఆలోచిస్తావు. నేను రాస్తున్నాను కదా" అంది చేంతాడక్క. కొంచెం కోపంగానే అంది. పన్నెండేళ్లు చేసిన పని మీద ఇంట్లోనే నమ్మకం లేకపోతే ఎలా అనిపించింది.

ఆరు వారాల్లో ఆమె నాలుగు వందల పన్నెండు మందితో మాట్లాడింది. కంపెనీ మొత్తం మీద ఆరు వేల మంది. సరుకుల ధర కాస్త పెరిగినా సరే, బరువును బట్టే ఉండాలన్నవాళ్లు ఉన్నారు. లారీల మీద వేస్తే ఆ భారం చివరికి మా నెత్తినే పడుతుంది, వద్దన్నవాళ్లూ ఉన్నారు. కొండల మీద ఉండేవాళ్లకి వేరే బస్సు లేదు, మినహాయింపు ఇవ్వాలన్నారు. పెట్టెలో మా రాకపోకలన్నీ ఎవడు చూస్తాడని నిలదీశారు. ఆమె ఏదీ వదల్లేదు. పక్క సీటు అమ్మాయి రోజుకి పాతిక ఫోన్లు చేస్తే ఈమె పధ్నాలుగు దాటేది కాదు. సగటుసారు ఒకసారి వచ్చి భుజం మీదుగా చూసి, "ఇంత అక్కర్లేదేమోనమ్మా" అని వెళ్లిపోయాడు.

నివేదిక వచ్చిన సంగతి ఆమెకి పేపర్లో తెలిసింది. ఆఫీసు టీ గదిలో ఎవరో వదిలేసిన పేపరు. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలతో: 'సమాన రుసుముకు ప్రజల ఆమోదం. నూటికి డెబ్బై ఒక్క మంది సమ్మతం.' కింద రవాణా శాఖ అధికారి మాట: 'ప్రజలు మా వెంటే ఉన్నారని తేలిపోయింది.'

ఆమె మళ్లీ చదివింది. టీ చల్లారిపోయింది. సమ్మతం, కొంతవరకు సమ్మతం రెండూ కలిపేశారు. కానీ అన్నవాళ్లందరూ, ఆ కానీ ఎగిరిపోయి, అవును అన్నవాళ్లయిపోయారు. బరువు అన్న మాట వార్త మొత్తంలో ఒక్కచోట కూడా లేదు. ఎక్కువ బాధ పెట్టింది ఏమిటంటే, తను మాట్లాడినవాళ్లలో కానీ అన్నవాళ్లందర్నీ ఆ గడిలో వేసింది తన వేలే. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని నొక్కించలేదు.

పేపరు మడిచి పట్టుకుని నేరుగా సగటుసారు గదిలోకి వెళ్లింది.

"ఇది మనం అడిగిందేనా సార్?"

ఆయన తల ఎత్తకుండానే, "కూర్చోమ్మా" అన్నాడు.

"కూర్చోను. 'ఇతర అభిప్రాయాలు' ఏమయ్యాయి?"

"ఫైలు పంపించాం. అక్కర్లేదన్నారు. అందులో ఉన్నది లెక్కకి అందదు కదా. ఒకాయన కంకర అంటాడు, ఒకావిడ బస్సు అంటుంది. దాన్ని శాతంలో ఎలా పెడతాం?"

"నేను అడిగినవాళ్లలో మూడొంతుల మంది బరువు అన్నారు. ఒకటే మాట. అది శాతంలో పట్టదా?"

"రవాణా శాఖవాళ్లు దానికి డబ్బివ్వలేదమ్మా. ఏడో ప్రశ్నకి ఇచ్చారు."

"మరి ఆ గడి ఎందుకు పెట్టారు సార్? ఖాళీగా ఉందని పెట్టారా?"

సగటుసారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చెప్పుకుంటే మనిషికి కడుపు తేలికపడుతుంది. చెప్పనిచ్చారు అన్న తృప్తి ఉంటుంది. ఆఖర్న ఒక ఖాళీ గడి పెడితే జనం మధ్యలో ఫోను పెట్టెయ్యరు, అది మా అనుభవం" అన్నాడు. ఆయన దాన్ని దాపరికమేమీ లేకుండా, వంట చిట్కా చెప్పినట్టు చెప్పాడు.

పన్నెండేళ్లు. ఆ గడిలో ఎంతమంది ఏడుపు రాసింది, ఎంతమంది కోపం రాసింది! అదంతా జనం నోట్లో పెట్టే పాలపీక అన్నమాట.

"నేను మాటిచ్చాను సార్ వాళ్లకి" అంది. బయటికొచ్చేసింది.

చెల్లెలికి చెప్పినప్పుడు, 'నేను ముందే అన్నాను కదా' అంటుందనుకుంది. ఆ పిల్ల ఆ మాట అనలేదు. "వచ్చే బుధవారం బహిరంగ విచారణ ఉంది. టౌను హాల్లో. పేరిచ్చినవాళ్లకి మాట్లాడే వీలిస్తారట. నాకా రోజు ముగ్గురు రోగులున్నారు. నువ్వు వెళ్లు" అంది.

"నేనా? ఉద్యోగం పోతుంది."

"పోతుంది" అంది చెల్లెలు. దాన్ని తేలిక చేసి చెప్పలేదు, భయపెట్టనూ లేదు.

బుధవారం పొద్దున్న పది గంటలకే హాలు నిండింది. వేదిక మీద అధ్యక్షురాలు, రవాణా శాఖ అధికారి, పక్కన గుమాస్తా, గుమాస్తా ముందు ఒక గంట. ముందు వరసలో లారీ యజమానుల సంఘం కార్యదర్శి, తెల్లచొక్కా, కాలు మీద కాలు. రెండో వరసలో సగటుసారు. వెనక గోడ దాకా జనం. మాట్లాడేవాళ్లు చీటీ మీద పేరు రాసి ఇవ్వాలి, ఒక్కొక్కరికి రెండు నిమిషాలు, గంట కొట్టగానే ఆపాలి.

అధికారి తెర మీద రంగుల బొమ్మ చూపించాడు. పెద్ద నీలం ముక్క, చిన్న ఎర్ర ముక్క. "నూటికి డెబ్బై ఒక్క మంది ఆమోదించారు. ఇవాళ్టి విచారణ లాంఛనమే గానీ, మీ సూచనలు కూడా నమోదు చేసుకుంటాం" అన్నాడు.

నాలుగో చీటీ చేంతాడక్కది. మైకు ముందుకి వచ్చి నిలబడింది. రోజూ ముక్కూమొహం తెలియని వాళ్లతో మాట్లాడే మనిషే, కానీ ఎదురుగా మొహాలుండటం అలవాటు లేదు. కళ్లు మూసుకుంది. ఫోన్లో మాట్లాడుతున్నాననుకుంది.

"ఆ నీలం ముక్కలో ఉన్నవాళ్లలో కొందర్ని అడిగింది నేనండీ. నాలుగు వందల పన్నెండు మందిని. పేర్లు చెప్పను, చెప్పకూడదు. వాళ్లు అన్నది చెప్తాను. ఒకావిడ అంది, కడతాను, కానీ లారీతో సమానంగా కాదు. ఒకాయన అన్నాడు, విరిచినవాడు ఎక్కువ ఇవ్వాలి. ఒకమ్మాయి అంది, మా కొండకి బస్సే లేదు, కారు మానమంటే ఇల్లు మానాలి. వీళ్లందర్నీ 'కొంతవరకు సమ్మతం' అన్నారని నేనే నొక్కాను. కానీ అన్న మాట కింద గడిలో రాశాను. మీరు కానీని కత్తిరించి పారేశారు. వాళ్ల సగం మాట పట్టుకొచ్చి ఇక్కడ రంగు వేసి చూపిస్తున్నారు. జనాన్ని అడక్కుండా చేసుంటే అది మీ ఇష్టం, మీకు అధికారం ఉంది అనుకునేవాళ్లం. అడిగి..."

గంట మోగింది. మైకు ఆగిపోయింది. ఆమె పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి.

లారీ సంఘం కార్యదర్శి లేచాడు. "బరువు బరువు అంటున్నారు. లారీ కదలకపోతే మీ ఇళ్లలోకి సరుకెలా వస్తుందమ్మా? మామీద వేస్తే మీ సంచీ మీదే పడుతుంది."

చేంతాడక్క మైకు లేకుండానే గట్టిగా చెప్పింది. "ఆ మాటా జనం అన్నారండీ! మీ తరఫున మాట్లాడినవాళ్లూ ఉన్నారు. అదీ రాశాను. మీకు పనికొచ్చే మాటని కూడా వీళ్లు అదే బుట్టలో పారేశారు. దానికి మీకు కోపం రావడం లేదా?"

కార్యదర్శి అధికారి వైపు చూసి, కూర్చున్నాడు.

తర్వాతి చీటీ పిలిచారు. వెనక వరసలోంచి ఒక ముసలాయన చేతికర్ర ఊతంతో మెల్లగా నడిచి వచ్చాడు. మైకులో మొదటి మాట పడగానే చేంతాడక్క గొంతు గుర్తుపట్టింది. కంకర మీద ఇనప చక్రం.

"ముప్ఫై ఒక్క ఏళ్లు రోడ్డు రోలరు నడిపినవాణ్ని. ఈ అమ్మాయి మొహం ఇవాళే చూస్తున్నాను గానీ గొంతు ఎరుగుదును. నాకు ఫోను చేసింది. నేను చెప్పింది రాసుకుంది. అయ్యా, నాకున్న రెండు నిమిషాల్లో నేనేమీ చెప్పను. చెప్పాల్సింది అప్పుడే చెప్పాను. అది మీ కాగితంలో ఎక్కడుందో చదివి వినిపించండి."

అధికారి చిరునవ్వు నవ్వాడు. "ఒక్కొక్కరి సమాధానం నివేదికలో ఉండదండీ. అన్నీ కలిపి..."

"కలిపారు, సరే. నన్ను దేంట్లో కలిపారు?"

"మీరు... ఆవిడ చెప్పినదాన్ని బట్టి, కొంతవరకు సమ్మతంలో."

"బరువును బట్టయితేనే అన్నాను. ఒకటే రేటయితే కాదన్నాను. అయ్యా, మా అమ్మాయికి సంబంధం చూడండి, తాగుబోతు మాత్రం వద్దు అని నేనంటే, 'సంబంధం చూడమన్నాడు' అని రాసుకుని తాగుబోతుని తెచ్చి నా గుమ్మంలో నిలబెడతారా?"

హాలు గొల్లుమంది. ముసలాయన నవ్వలేదు. "నేను నవ్వించడానికి రాలేదు. నా మాట ఎక్కడుందో చదవండి. ఒకటిన్నర నిమిషం ఉంది ఇంకా. నిలబడతాను."

అధికారి గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా నివేదిక తిరగేశాడు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. కాగితాల చప్పుడు మైకులో పెద్దగా వినబడింది. ముసలాయన కర్ర మీద రెండు చేతులూ ఆన్చి నిలబడ్డాడు. రెండు నిమిషాలు అయ్యాయి. గంట కొట్టడానికి గుమాస్తా చెయ్యి ఎత్తి, మళ్లీ దించేశాడు.

ఆ తర్వాత వచ్చింది బడి పంతులమ్మ. "నన్ను కూడా ఫోన్లో అడిగారండీ. నా మాట ఎక్కడుంది?" అంది, అంతే. పూల వ్యాను అతను వచ్చాడు. "నాది?" అన్నాడు. ఎవరూ పథకం గురించి వాదించలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టు, 'నాది ఎక్కడుంది' అని అడిగి, జవాబు కోసం రెండు నిమిషాలూ అలాగే నిలబడి వెళ్లారు. పదకొండో మనిషి దగ్గర అధ్యక్షురాలు మైకు తన వైపు లాక్కుని, అధికారిని సూటిగా చూసి అడిగింది. "ఆ గడిలో రాసినవాటి ఫైలు మీ దగ్గర ఉందా, లేదా?"

"ఉంది మేడం. దాన్ని... తెరవలేదు."

"తెరవండి" అని ఆమె సభ వాయిదా వేసింది.

మర్నాడు పొద్దున్న చేంతాడక్క కార్డు చూపిస్తే ఆఫీసు తలుపు తెరుచుకోలేదు. సగటుసారు కిందికి దిగి వచ్చాడు. చేతిలో అట్టపెట్టె, అందులో ఆమె టీకప్పు, నడుముకి పెట్టుకునే దిండు, గొడుగు.

"నా చేతుల్లో లేదమ్మా. ఏమీ అనుకోవద్దు" అన్నాడు. కాసేపు నిలబడి, గొంతు తగ్గించి, "ఒక మాట చెప్పనా. ఆ గడి మొత్తం నేను చదివాను. ఆరు వేల మందిదీ. పంపేముందు" అన్నాడు.

ఆమె పెట్టె అందుకోబోతున్నదల్లా ఆగిపోయింది. "చదివారా?"

"చదివాను. మీరు రాసినవి బాగున్నాయి."

"చదివి, వాళ్లు వద్దంటే ఊరుకున్నారా?"

ఆయన పెట్టెలోని గొడుగు సర్దాడు.

"చదవకుండా పారేసినవాడి మీద కోపం అయితే ఇవాళ కాకపోతే రేపు తగ్గుతుంది సార్. మీమీద ఎలా తగ్గించుకోవాలో నాకు తెలియడం లేదు" అని పెట్టె తీసుకుని వెళ్లిపోయింది.

నాలుగు నెలలకి పథకం చట్టమై వచ్చింది. మార్పు జరిగింది. ఇరవై టన్నులు దాటిన లారీలకి రుసుము రెండింతలు. 'ఇతర అభిప్రాయాలు' తొమ్మిది వందల పేజీల అనుబంధంగా అచ్చువేసి, ప్రజల మాటకు పట్టం కట్టామని చెప్పుకున్నారు. పేపరువాళ్లు చేంతాడక్కకి ఫోను చేసి, "మీరు గెలిచారు కదా, ఎలా అనిపిస్తోంది?" అని అడిగారు.

"వెయ్యింతలు విరిచేదానికి రెండింతలు వేశారు. కొండల మీద తిరిగే నర్సులకి మినహాయింపు లేదు. గెలుపంటే ఇదేనా? ఇదీ రాయండి, సగం రాయకండి" అంది. వాళ్లు రాయలేదు.

రోలరాయన మాత్రం ఆ రెండింతలు విని, "ఇది నోరు మూయించడానికి పారేసిన ఎముక. అయినా మొన్నటిదాకా అదీ లేదు. ఇంకా లాగుదాం" అన్నాడు. నర్సుల సంఘంలో ఆమెకి సగం పూట పని దొరికింది. జీతం తక్కువ. మినహాయింపు కోరుతూ కోర్టులో వేసే దావాకి ఇంటింటికీ వెళ్లి వాంగ్మూలాలు రాయించుకోవడం ఆ పని. ఈసారి రాసింది ఆమె చదివి వినిపించి, చెప్పినవాళ్ల చేతే సంతకం పెట్టించుకుంటోంది.

చెల్లెలి కారుకి పెట్టె బిగించే రోజు వచ్చింది. అక్కాచెల్లెళ్లిద్దరూ మెకానిక్కు షెడ్డుకి వెళ్లారు. అతను స్టీరింగు కింద దూరి, నాలుగు తీగలు కలిపి, నల్లటి పెట్టె బిగించి, చేతులు తుడుచుకుంటూ ఒక కాగితం అందించాడు. "ఇక్కడ సంతకం పెట్టండి మేడం, అయిపోతుంది."

చెల్లెలు చదివింది. 'ఈ పరికరాన్ని నా పూర్తి సమ్మతితో నా వాహనంలో అమర్చుకున్నాను.'

కలం తీసి, 'పూర్తి సమ్మతితో' అన్న మాటల మీద అడ్డంగా గీత గీసింది. పైన 'చట్టం కాబట్టి' అని రాసి, సంతకం పెట్టింది.

"అయ్యో, అలా కొట్టేస్తే పైవాళ్లు తీసుకోరు మేడం. మళ్లీ కొత్త కాగితం ఇస్తాను."

"నాకు కట్టు మార్చాల్సిన ఆయన ఎదురుచూస్తున్నాడు. మా అక్క ఉంటుంది, ఆవిడతో మాట్లాడుకోండి" అని చెల్లెలు కారెక్కి వెళ్లిపోయింది.

మెకానిక్కు కాగితం వైపూ చేంతాడక్క వైపూ మార్చి మార్చి చూశాడు. ఆమె షెడ్డు మూల ఉన్న ఇనప స్టూలు లాక్కుని, దుమ్ము దులిపి, తీరిగ్గా కూర్చుంది.

"మీ తప్పేమీ లేదు నాయనా. మీ పైవాళ్లకి ఫోను చేసి ఇవ్వండి, నేను మాట్లాడతాను. వాళ్లు కాదంటే వాళ్ల పైవాళ్ల నంబరు అడుగుదాం. నాకు ఇవాళ వేరే పనేమీ లేదు" అంది.

మెకానిక్కు నిట్టూర్చి, జేబులోంచి ఫోను తీశాడు.